జనాన్ని అడిగి దిద్దిన వీధి

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పేరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని ఇప్పుడు మన జిల్లాలోనూ చాలా ఇళ్లలో వినిపిస్తోంది. ఆ ఊళ్లో బ్రయంట్ అని ఒక వీధి ఉంది. రెండు పక్కలా ఇళ్లూ చెట్లూ తప్ప చూడటానికి ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. కానీ 1982లో అమెరికాలో మొట్టమొదటి సైకిల్ బులెవార్డ్‌గా తీర్చిదిద్దింది ఈ వీధినే. అందుకోసం ఇళ్లు కొట్టలేదు, కొత్త రోడ్డు వేయలేదు, గీత గీసి సైకిళ్లను ఓ అంచుకు నెట్టలేదు. ఉన్న వీధినే నడిమధ్యన నిశ్చింతగా సైకిల్ తొక్కుకుంటూ పోయేలా మార్చారు. కార్లు రావచ్చు. అయితే ఆ వీధిలో పని ఉన్న కార్లే వస్తాయి, అడ్డదారి వెతుక్కునేవి రావు. ఈ ఒక్క తేడా ఎలా సాధించారో దగ్గరగా చూస్తే, వీధిని దిద్దడం కూడా ఎంత నేర్పుతో కూడిన పనో తెలుస్తుంది.

ఈ సైకిల్ బులెవార్డ్‌కు 2002లో ఎలెన్ ఫ్లెచర్ పేరు పెట్టారు. ఆమె 1928లో బెర్లిన్‌లో పుట్టిన యూదు బాలిక. నాజీల బారి నుంచి పిల్లలను ఇంగ్లండుకు చేర్చిన రైళ్లలో ప్రాణాలతో బయటపడి, ఆ తర్వాత అమెరికా చేరారు. పాలో ఆల్టోలో స్థిరపడ్డాక పిల్లలు బడికి క్షేమంగా వెళ్లి రావడం ఎలా అన్న ఆలోచనే ఆమెను సైకిళ్ల వైపు నడిపించింది. 1977 నుంచి 1989 దాకా నగర కౌన్సిల్ సభ్యురాలిగా ఉన్నారు. ఊళ్లో ఎక్కడికి వెళ్లినా సైకిల్ మీదే వెళ్లేవారు. 2012లో కన్నుమూశారు. సైకిల్ తొక్కే మనిషికి ఎక్కడ కాలు నొస్తుందో, ఎక్కడ గుండె జారుతుందో రోజూ తొక్కేవాళ్లకే తెలుస్తుంది. ఆ తెలివిడి ఈ వీధి అడుగడుగునా కనిపిస్తుంది.

మొదటి పనితనం ఆగే బోర్డుల దగ్గర ఉంది. అమెరికాలో ఇళ్ల మధ్య వీధులు కలిసే చోట ఎనిమిది మూలల ఎర్ర బోర్డు పెడతారు. అది కనబడితే బండి పూర్తిగా ఆపాలి. కారువాడికి అది పాదం కింద చిన్న కదలిక. సైకిల్‌వాడు మాత్రం అంతదాకా కూడబెట్టుకున్న ఊపునంతా అక్కడ వదిలేసి, మళ్లీ కాళ్లతో సంపాదించుకోవాలి. సందుసందుకూ అలా ఆగాల్సి వస్తే సైకిల్‌ను ఇంట్లో పెట్టేస్తాడు. అందుకే బ్రయంట్ వీధిలో ఆ బోర్డుల ముఖం మార్చారు. అడ్డంగా వచ్చే వీధులవాళ్లు ఆగుతారు, బ్రయంట్ మీద వచ్చేవాళ్లు సాగిపోతారు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఆగకుండా పోయే దారి సైకిల్‌కు ఎంత ఇష్టమో కారుకూ అంతే ఇష్టం. బోర్డులు తీసేసి ఊరుకుంటే పక్కనున్న పెద్ద రోడ్డు మీది రద్దీ అంతా ఈ వీధిలోకి దిగుతుంది. దానికి విరుగుడుగా వీధికి అడ్డంగా కట్టలు పెట్టారు. కట్ట మధ్యలో సైకిల్ పట్టేంత సందు ఉంటుంది. కారు అక్కడికొచ్చి పక్కకు తిరిగిపోవాలి. దారిలో వాగు మీద ఉన్న వంతెన కూడా నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే. వీధిలో ఏ ఇంటికైనా ఏదో ఒక వైపు నుంచి కారు వస్తుంది. ఈ కొస నుంచి ఆ కొసకు నేరుగా పోవడం మాత్రం కుదరదు. ఒక ఇంటికీ దారి మూయకుండా అడ్డదారి ఒక్కటే మూయడం ఎంత లెక్కగా చేసిన పనో చూడండి.

1992లో ఈ వీధిని ఉత్తరాన పొడిగించినప్పుడు ఎంబార్కడెరో అనే పెద్ద రోడ్డును దాటించాల్సి వచ్చింది. అక్కడ సిగ్నల్ పెట్టారు. సిగ్నల్ ఉందంటే కార్లూ అటే వస్తాయి గదా! దానికీ ఉపాయం చేశారు. బ్రయంట్ మీద వచ్చిన సైకిల్ నేరుగా రోడ్డు దాటవచ్చు, కారు మాత్రం కుడివైపు తిరిగి తీరాలి. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి అది మనకు ఎడమకు తిరగడమంత తేలిక. అంటే సైకిల్‌కు ఇచ్చిన ప్రతి సౌకర్యం వెనకా కారుకు ఒక చిన్న అడ్డు ఉంది. పడుగూ పేకా లాగా ఆ రెండూ కలిసి అల్లుకోబట్టే వీధి నిలబడింది. ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగతాది చెడిపోతుంది.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది వీధిని అడిగిన పద్ధతి. అడ్డుకట్టలు పెడితే బండ్లన్నీ మా వీధుల మీద పడతాయని ఇరుగుపొరుగు వీధులవాళ్లు భయపడటం సహజం. నక్షా చూపించి ఆ భయం పోగొట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని మొదటి 3 కిలోమీటర్లను ఆరు నెలల ప్రయోగంగా తెరిచారు. బండ్లు లెక్కపెట్టారు. జనం అనుభవాన్ని చూసి మాట్లాడారు. భయపడినట్టు పక్క వీధులు మునిగిపోలేదు. బ్రయంట్ మీద సైకిళ్లు బాగా పెరిగాయి. అప్పుడు దాన్ని శాశ్వతం చేశారు. జనాభిప్రాయం అంటే చూడని దాని మీద చేతులెత్తించడం కాదనీ, కళ్లారా చూసి కాలితో తొక్కి చెప్పనివ్వడమనీ ఆ ఆరు నెలలు నిరూపించాయి.

ఆ తర్వాత బర్కిలీ, పోర్ట్‌లాండ్ లాంటి నగరాలు ఈ పద్ధతిని అందుకున్నాయి. ఇప్పుడు అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి కొలతలే ఉన్నాయి. ఇలాంటి వీధిలో రోజుకు 1,500 మోటారు బండ్లకు మించకపోతే మంచిది. కొద్దిదూరం మేర 3,000 దాకా తట్టుకోవచ్చు. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ గీత దాటితే బోర్డు మీద ఏం రాసినా అది మామూలు వీధే.

మన దగ్గరా ఈ దిశగా అడుగులు పడ్డాయి. హైదరాబాద్ బాహ్య వలయ రహదారి పక్కన 2023లో సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. వ్యాయామానికి అది చక్కటి చోటు. బడికీ అంగడికీ వెళ్లే సైకిల్ అవసరం వేరు. అంతకు ముందే, 2020లో, కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ సైకిళ్ల కోసం నగరాల మధ్య పోటీ పెట్టింది. చివరికి ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పోటీలో మెచ్చుకోదగ్గది హ్యాండిల్‌బార్ సర్వే. సైకిల్‌కు ఫోన్ బిగించి, వీధుల్లో తొక్కుకుంటూ పోయి, గుంత ఎక్కడుంది, ఏ మలుపులో భయం వేసింది, ఏ బండి దారికి అడ్డం నిలిచింది అని నమోదు చేశారు. కాగితం మీద ప్రశ్న అడిగే కన్నా ఇది ఎంతో మేలు.

ఇక మైదుకూరు సంగతి. మనది నాలుగు రోడ్ల ఊరు. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు పోయే 40వ నంబరు జాతీయ రహదారీ, కృష్ణపట్నం వైపు నుంచి బద్వేలు, ప్రొద్దుటూరు మీదుగా బళ్లారి పోయే 67వ నంబరు రహదారీ ఇక్కడే కలుస్తాయి. లారీలకూ బస్సులకూ ఈ కూడలి తప్పదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. సైకిల్ చేతికొచ్చింది గానీ దారి రాలేదు. ఆ దారి లోపలి వీధుల్లో దొరుకుతుంది. మన ఊళ్ల సందులు సగం పని ఎప్పుడో చేసి పెట్టాయి. వాటిని ఒకదానికొకటి కలిపి దిద్దుకోవాలి.

అయితే బ్రయంట్‌ను ఉన్నదున్నట్టు ఇక్కడ దింపలేం. అక్కడ సైకిల్ పట్టే సందులో కారు పట్టదు, అంతటితో సరి. ఇక్కడ సైకిల్ పట్టే సందులో మోటార్ సైకిల్ కూడా దూరుతుంది. కాబట్టి ఆటోను, కారును, లారీని ఆపడానికి రాళ్లు నాటుకోవాలి. నిలువుగా పాతడానికి కడప బండకు మించిన రాయి లేదు. మోటార్ సైకిల్‌ను మాత్రం ఆపలేం, నెమ్మదింపజేయాలి. దానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ఉంది. దారి వెంబడి పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రంగా లేచి గుండ్రంగా దిగే గుబ్బ. 25 కిలోమీటర్ల వేగంలో వచ్చేవాడు దాన్ని సాఫీగా దాటతాడు, దూకుడుగా వచ్చేవాడికి ఒళ్లు కదులుతుంది. మన వీధుల్లో ఇంటి ముందు ఎవరికి వారు సిమెంటుతో కట్టుకున్న నిటారు గట్టు సైకిల్‌ను ఎగరేస్తుంది తప్ప ఎవరినీ దారిలో పెట్టదు.

రాళ్ల మధ్య ఎడం ఎంత ఉండాలి? ఉల్లిగడ్డల తోపుడు బండి పట్టాలి. నడవలేని మనిషి మూడు చక్రాల బండి పట్టాలి. ఆటో పట్టకూడదు. 108 వచ్చిందంటే నడిమి రాయి తీసేలా తాళం ఉండాలి, ఆ తాళంచెవి ఎవరింట్లో ఉండాలో ముందే తేలాలి. పీర్ల ఊరేగింపు, వినాయకుడి ఊరేగింపు ఏ మలుపు తిరుగుతాయి? పసుపు కొమ్ముల ట్రాక్టరు ఏ నెలల్లో ఎవరింటికి వస్తుంది? ఈ ప్రశ్నలకు ఏ ఇంజినీరు దగ్గరా జవాబు ఉండదు, వీధిలో ఉంటుంది. పగలు పదకొండు గంటలకు ఆఫీసులో సభ పెడితే సైకిల్ తొక్కేవాళ్లు రారు, ఆ వేళ వాళ్లు పనిలో ఉంటారు. టీ అంగడి దగ్గర, బడి గేటు దగ్గర, సాయంత్రం అరుగుల మీద అడగాలి. ఆడపిల్లలను విడిగా అడగాలి. ఎక్కడ చీకటిగా ఉంటుందో, ఎక్కడ మగపిల్లలు గుంపు కడతారో వాళ్లు నలుగురిలో చెప్పరు.

రాళ్లు వెంటనే పాతనక్కర్లేదు. జూన్‌లో బడులు తెరిచే నాటికి ఒక్క వీధిలో ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టి, దసరా సెలవుల దాకా చూడవచ్చు. పెట్టకముందూ పెట్టిన తర్వాతా ఆ వీధిలోనూ పక్క వీధుల్లోనూ బండ్లు లెక్కపెట్టి, ఆ లెక్క బడి గోడ మీద అందరికీ కనబడేలా రాయాలి. నచ్చకపోతే డ్రమ్ములు తీసేయడం ఒక పూట పని. నచ్చితే రాళ్లు పాతుకుందాం. ఈ పాటి పని చేయగల పురపాలక సంఘం మనకుంది, ఎక్కడేం కావాలో చెప్పగల జనమూ ఉన్నారు. ముందుగా ఏ వీధిలో మొదలుపెట్టాలో రోజూ సైకిల్ మీద బడికి పోయే పిల్లలనే అడుగుదాం.