పొట్లము వెనుక పట్టిక ఎవరి కొరకు?

మోమిన్‌పేట వంటి మండల కేంద్రములలో కిరాణా దుకాణముల ముందు చిరుతిండి పొట్లములు తోరణములవలె వ్రేలాడుచుండును. కొనువారిలో బడిపిల్లలు ఎందరో! ప్రతి పొట్లము వెనుక చిన్న అక్షరములతో ఒక పోషక విలువల పట్టిక యుండును. ఆ పట్టికలో వచ్చిన మార్పులు కొనువానికి ఎంతవరకు ఉపకరించుచున్నవో విచారింతము.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థవారి 2020 నాటి నిబంధనల వలన మొత్తము చక్కెరతో పాటు, అదనముగా కలిపిన చక్కెరను వేరుగా చూపవలసి వచ్చినది. ఒక్కొక్క వడ్డింపుతో రోజువారీ పరిమితిలో ఎంత శాతము లభించునో కూడ తెలుపవలెను. ఈ లెక్కకు ఆధారము రోజుకు 2000 కిలోకాలరీల శక్తి, 67 గ్రాముల క్రొవ్వు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం. ఇది మెచ్చదగిన మార్పే.

కాని చిక్కంతయు 'వడ్డింపు' అను మాటలోనే యున్నది. ఒక ఉదాహరణ చూడుడు. 100 గ్రాములలో 800 మిల్లీగ్రాముల సోడియం గల 50 గ్రాముల పొట్లము ఉన్నదనుకొనుడు. దానిపై వడ్డింపు 20 గ్రాములని వ్రాసినచో, శాతము 8 అని మాత్రమే కనిపించును. పిల్లవాడు పొట్లమంతయు తినును గదా! అప్పుడు 400 మిల్లీగ్రాములు, అనగా 20 శాతము. దానిని రెండున్నరతో హెచ్చించిన ఒక గ్రాము ఉప్పు. పైగా 2000 కిలోకాలరీలు పెద్దల లెక్క. 4 నుండి 6 ఏండ్ల పిల్లలకు కావలసినది సుమారు 1360 మాత్రమే.

చక్కెర, ఉప్పు, సంతృప్త క్రొవ్వుల శాతములను పెద్ద, దళసరి అక్షరములలో ముద్రింపవలెనను ప్రతిపాదనను ఆ సంస్థ 2024 జులైలో ఆమోదించినది. మంచిదే. కాని వడ్డింపు చిన్నదైనచో, పెద్ద అక్షరములలో కనిపించునదియు చిన్న అంకెయే!

భాష సంగతి మరియొకటి. 2020 నిబంధనల ప్రకారము వివరములు ఆంగ్లమున గాని, దేవనాగరి లిపిలో హిందీయందు గాని ఉండిన చాలును. తెలుగును చేర్చవచ్చును, చేర్చి తీరవలెనని లేదు. ఇక మన పల్లెలోని తల్లి ఏమి చదువును?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన 17 ఆహార సూత్రములలో లేబులు చదువుట ఒకటి. చదువుమనుట సులభము, చదువదగినట్లు వ్రాయించుట ప్రభుత్వ ధర్మము. అంతవరకు ఉపాధ్యాయులు ఖాళీ పొట్లములను తరగతికి తెప్పించి, శాతమును వడ్డింపునకు గాక పొట్లమునకు లెక్క కట్టించవలెను. ఆ లెక్క నేర్చిన పిల్లవాడే ఇంటిలో తల్లికి పట్టికను తెలుగున చదివి చెప్పగలడు.