ఊచను నిలబెట్టిన పనితనం

నెల్లికుదురు నుంచి పని మీద మానుకోటకు పోయినవాళ్లు, తిరుగు బస్సు ఎక్కేముందు ఒక షవర్మా చుట్టించుకుని తినడం ఇప్పుడు మామూలైపోయింది. ఈ తిండి మనదాకా అరబ్బుల మీదుగా వచ్చింది. దాని వెనక ఉన్న పనితనం మాత్రం తుర్కులది. వాళ్లు దాన్ని దోనెర్ కెబాబ్ అంటారు. ఇస్తాంబుల్ చూసొచ్చినవాళ్లు అయా సోఫియా గుమ్మటం గురించీ, నీలి మసీదు గోడల పలకల గురించీ తనివితీరా చెబుతారు. ఆ గుమ్మటాలకు కూతవేటు దూరంలో, వీధి పక్కన తిరుగుతుండే మాంసపు దిమ్మె కూడా అంతే శ్రద్ధగా చూడదగినదని నా నమ్మకం. పైగా దాన్ని చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు.

మాంసాన్ని ఊచకు గుచ్చి కాల్చడం లోకమంతా ఉన్నదే. ఊచ అడ్డంగా ఉంటే కరిగిన కొవ్వు నిప్పుల్లో పడుతుంది. మంట లేస్తుంది, పొగ కమ్ముతుంది, మాంసం కారాల్సిన రసమంతా కారిపోయి ఎండుతుంది. తుర్కియేలోని ఎర్జురుమ్ వైపు ఇప్పటికీ ఊచను అడ్డంగా పెట్టే జా కెబాబ్ చేస్తారు, దాని రుచి దానిదే. అయితే ఊచను నిటారుగా లేపి, నిప్పులను దాని పక్కన గోడలా పేర్చేసరికి లెక్క మొత్తం మారిపోయింది. పైన కరిగిన కొవ్వు నిప్పుల్లో పడకుండా కింది పొరల మీదుగా జారుతుంది, దిమ్మెనంతా తడుపుకుంటూ దిగుతుంది. ఎవరూ గరిటె పట్టి నెయ్యి పోయనక్కర్లేదు.

ఈ ఆలోచన మొదట ఎవరిది? బుర్సాలోని ఇస్కెందర్ కుటుంబం 1867ను తమ వంటశాల మొదలైన ఏడుగా చెప్పుకుంటుంది. పిడె రొట్టె ముక్కల మీద మాంసం పొరలు పరిచి, టమాటా రసం, పక్కన పెరుగు వడ్డించి, చివర కాగిన వెన్న పోసే వంటకానికి ఆ ఇంటిపేరే ఉంది. కానీ 1855లో జేమ్స్ రాబర్ట్‌సన్ తీసిన ఫొటోలో అప్పటికే ఊచ నిలబడి కనిపిస్తుంది. ఏ ఒక్కరి పేరు మీదా రాయలేని పని ఇది. అందుకే నాకు మరింత ఇష్టం.

తినేవాడి కంట పడని కష్టమంతా పొద్దున్నే అయిపోతుంది. అక్కడ గొర్రె మాంసం, ఎద్దు మాంసం. ఇక్కడ కోడి. ఛాతీ ముక్క తొందరగా పొడిబారుతుంది కాబట్టి తెలిసినవాడు తొడ మాంసమే తీసుకుంటాడు. ఎముక తీసి, పల్చగా పరిచి, పెరుగు, నిమ్మరసం, ఎల్లిగడ్డ, మసాలా పట్టించి నాననిస్తాడు. అప్పుడు గుచ్చడం. ప్రతి ముక్కకూ నడిమధ్యనే ఊచ దిగాలి. బరువు ఒక పక్కకు ఒరిగితే దిమ్మె వంకరగా తిరుగుతుంది, ఒక వైపు మాడి ఒక వైపు పచ్చిగా మిగులుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య గాలి నిలిస్తే కత్తి పెట్టగానే పొర చిట్లి పొట్టు రాలుతుంది. అందుకే పొర వేసిన ప్రతిసారీ అరచేత్తో అదుముతాడు, మధ్యమధ్య కొవ్వు పెడతాడు, అంచులు కోసి ఆ ముక్కలను పైన పేరుస్తాడు. శిఖరాన ఉల్లిగడ్డో నిమ్మకాయో గుచ్చుతాడు.

ఇక కత్తి. మా దిక్కు తాటిచెట్టు ఎక్కే గౌండ్లాయన గెల కొనను ఎట్లా గీస్తాడో చూసినవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. గెలను మందంగా కోస్తే తొందరగా అయిపోతుంది, గీయకుండా వదిలేస్తే కోత ఎండి కల్లు ఆగిపోతుంది. ఎంత పల్చగా, ఎప్పుడు అన్నదే విద్య. దిమ్మె దగ్గరా అంతే. పైపొర ఎర్రబడి అంచులు కరకరలాడే క్షణం కోసం ఆగాలి. ఏటవాలుగా పట్టిన పొడవాటి కత్తిని పైనుంచి కిందికి ఒక్క ఊపున దించాలి. కాలిన పొర మాత్రమే రావాలి. కిందున్న పచ్చిభాగం అప్పుడు మంటకు ఎదురై మళ్లీ పొర కడుతుంది. సగం కాలింది ఆశపడి కోసేవాడు మంచి పనివాడు కాడు. జనం ఎగబడినప్పుడు కూడా దిమ్మెను తొందరపెట్టకుండా, కోసిన ముక్కలను వేడి పెనం మీద ఇంకోసారి కాల్చి ఇచ్చే కుర్రాణ్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. దిమ్మె తరిగేకొద్దీ దాన్ని మంటకు దగ్గరగా జరుపుతాడు, మాంసం లేని చోట మంట ఆపుతాడు. ఒక సాయంత్రానికి ఎంత అమ్ముడుపోతుందో అంతే గుచ్చుతాడు. సగం కాలిన మాంసాన్ని చల్లార్చి మర్నాడు మళ్లీ తిప్పడం రుచికీ ఒంటికీ చేటని అతనికి తెలుసు.

హైదరాబాద్‌కు తుర్కులతో చుట్టరికం పాతదే. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహ్వార్‌తో, చిన్న కొడుకు మొఅజ్జం జాకు అదే వంశపు నీలోఫర్‌తో పెళ్లిళ్లు జరిగాయి. పిల్లలకు జ్వరమొస్తే మన జిల్లాల నుంచి కూడా పరుగెత్తే నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదిదే. ఊచ మాత్రం ఆ మహళ్ల దారిన రాలేదు. ఉస్మానీ పాలనలో ఉండిన సిరియా, లెబనాన్ వీధుల్లో షవర్మా అయింది, గల్ఫ్ పట్టణాలకు చేరింది, అటు పనికి పోయి వచ్చిన మనవాళ్ల నాలుకకు అలవాటైంది. లెబనాన్ నుంచి మెక్సికో వలస పోయినవాళ్ల వెంట అక్కడికీ వెళ్లింది, తుర్కు కార్మికుల వెంట బెర్లిన్‌కూ వెళ్లింది.

మన దగ్గర దానికి తోడైన మయోనైజ్‌తో నాకు పేచీ ఉంది. 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. ఆరోగ్యం సంగతి అట్లుంచితే, పనితనం వైపు నుంచి కూడా అది నాకు నచ్చదు. పొద్దున అదిమిన పొరలు, సాయంత్రం ఓపికగా గీసిన అంచులు, అన్నీ ఆ తెల్లటి ముద్ద కింద మునిగిపోతాయి. బాగా కాలినదీ సగం కాలినదీ ఒకే రుచిలో కలిసిపోతాయి. లెబనాన్‌లో ఎల్లిగడ్డ, నూనె, నిమ్మరసం, ఉప్పు కలిపి గిలక్కొట్టే తూమ్ ఉంది, అందులో గుడ్డే ఉండదు. అది మాంసం రుచిని లేపుతుంది.

అందుకే ఈసారి మానుకోటలో బండి దగ్గర ఆగితే కాస్త పక్కన నిలబడి అతను కత్తి దించే తీరు చూడండి. చుట్టే ముందు రొట్టె, మయోనైజ్ లేకుండా నాలుగు ముక్కలు విడిగా అడగండి. పైన కరకర, లోపల మెత్తన, కొవ్వు పాకిన చోట కమ్మన ఉంటే ఆ బండి పనివాడికి చెయ్యి తిరిగినట్టే. మిగతాది చుట్టించుకోండి.