డేటాబేస్ కాపలాదారులు

కమాన్‌పూర్ కిరాణా కొట్టులో యూపీఐతో కట్టిన పది రూపాయల లెక్కనైనా, సింగరేణి గని కార్మికుడి జీతం జమనైనా పెద్ద వ్యవస్థలు ఒకే యంత్రానికి వదిలేయవు. సాధారణంగా మూడు సర్వర్లలో ప్రతులు ఉంచి, కనీసం రెండు ‘రాసుకున్నాం’ అంటేనే నమోదు ఖాయం చేస్తాయి. అందుకే ఒకటి కూలినా పని ఆగదు. ఈ ఏర్పాటును నిలబెట్టే డేటాబేస్ నిర్వాహకుల నైపుణ్యం మనం గుర్తించాల్సినది. డిస్కులు నిండకముందే చోటు చూడటం, వెనకబడిన ప్రతిని కనిపెట్టడం, సేవ ఆగకుండా ఒక్కో సర్వర్‌నే పక్కకు తప్పించి కొత్త వెర్షన్‌కు మార్చడం వారి నిత్యకృత్యం.

ఇదంతా క్లౌడ్ సేవలే వాటంతటవే చేస్తుంటే మనిషెందుకని అడగవచ్చు. ప్రశ్న సబబే, కూలిన సర్వర్ బాధ్యతను మరొకదానికి అప్పగించడం యంత్రానికి వచ్చు. కానీ పొరపాటున ఇచ్చిన తొలగింపు ఆజ్ఞను కూడా అది అంతే నమ్మకంగా అన్ని ప్రతులకూ చేరవేస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను తొలగించారు. ఆధారపడాల్సిన బ్యాకప్‌లు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. సుమారు 6 గంటల సమాచారం పోయింది. గనిలో పైకప్పును తట్టి చూసినట్టే, బ్యాకప్‌ను తిరిగి తెరిచి చూస్తేనే భరోసా. ఆ పరీక్షను విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేసేవారికి గౌరవం, తగిన సమయం, సిబ్బంది ఇవ్వడం సంస్థల బాధ్యత.