యాత్రాకథనాల్లో రాయని మజిలీ

రెండేళ్ళ క్రితం విశాఖపట్నంలో ఒక సదస్సుకి వెళ్తూ మా అమ్మని కూడా వెంట తీసికెళ్ళాను. అమ్మది కర్నూలు జిల్లా. అరవై ఒక్కేళ్ళొచ్చినా అప్పటిదాకా సముద్రం చూడలేదు. మొదటిరోజే నా పత్రసమర్పణ అయిపోయింది. తెలుగు స్త్రీల యాత్రారచనల్లో స్వేచ్ఛ గురించి నా సిద్ధాంత గ్రంథంలో ఉన్న అధ్యాయాన్నే కుదించి చదివాను. ప్రయాణం స్త్రీని ఇంటినుంచీ, ఇంటి భాషనుంచీ విడుదల చేస్తుందన్న నా వాక్యానికి చప్పట్లు కూడా వచ్చాయి. మర్నాడు ఆదివారం. ఆటో మాట్లాడుకుని బీచ్‌రోడ్డు మీదుగా భీమిలికి బయల్దేరాం.

కురుసుర జలాంతర్గామి చూశాం. కైలాసగిరి ఎక్కాం. ఎండ బాగా ఉంది. నీళ్ళ సీసా ఇస్తే అమ్మ తీసుకోలేదు. "నాకొద్దు పాపా, పొద్దున్నే తాగినాలే" అంది. నేను బలవంతం చెయ్యలేదు. ఎందుకంటే నేనూ తాగడం లేదు. బస్సెక్కే ముందు, పరీక్షహాలుకి వెళ్ళే ముందు, సభలో వేదిక ఎక్కే ముందు నీళ్ళు మానెయ్యడం మాకెవరూ పనిగట్టుకుని నేర్పలేదు. అమ్మని చూసి నేను నేర్చుకున్నాను. అమ్మ ఎవర్ని చూసి నేర్చుకుందో.

తొట్లకొండ దిగాక అమ్మ మాటలు తగ్గించేసింది. అడిగితే, "ఏం లేదు, ఎక్కడన్నా బయటికి పోయేదానికి ఉందేమో చూడు" అంది. దారిలో ఒకచోట 'స్త్రీలు', 'పురుషులు' అని రాసిన గది కనబడింది. తాళం వేసి ఉంది. పక్కన చెట్టుకింద కూర్చున్న పనామె లేచి వచ్చింది. "మోటారు కాలిపోనాదమ్మా. నీల్లు లేవు. రెండ్రోజులై తాలమేసీసినాం." మరి నువ్వెలా అన్నాను. ఆమె సరుగుడు తోటవైపు చూపించింది. "సీకటితో ఓసారి ఎల్లొచ్చేత్తాను. మల్లీ సీకటి పడ్డాకే." అక్కడి గోడమీద 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని పెద్దక్షరాలతో ఉంది. దాని కిందే ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆటో అబ్బాయి మంచివాడు. "తోటలోకి ఎల్లిపోండి మేడమ్, ఎవరూ చూడరు" అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

చివరికి ఒక హోటల్లో, ఏదైనా తింటేనే లోపలికి వెళ్ళనిస్తామంటే రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పి అమ్మని పంపాను. ఇడ్లీ మేం ముట్టుకోలేదు. భీమిలి చేరకుండానే వెనక్కి తిరిగాం. ఆ రాత్రి అమ్మకి చలిజ్వరం, మూత్రంలో మంట. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ళు తాగలేదా?"

ఊరికి తిరిగొచ్చాక నా అధ్యాయం మళ్ళీ చదువుకున్నాను. నలభై పేజీల్లో చూపు గురించి, తోడు గురించి, ఖర్చుకి ఎవరు ఒప్పుకున్నారన్నదాని గురించి, కొండల్నీ నదుల్నీ స్త్రీ ఎలా వర్ణించిందన్నదాని గురించి రాశాను. ప్రయాణం చేసిన ఆ స్త్రీలకి మూత్రాశయం ఉంటుందన్న ఊహ నలభై పేజీల్లోనూ లేదు. పాఠాల్లోని మౌనాన్ని నేను స్వేచ్ఛ అని చదివాను.

యాత్రాసాహిత్యం ఇలాంటి 'చిన్న' విషయాలు రాయకూడదనే నియమమేదీ మనకి లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన ప్రయాణాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా రాశారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో మజిలీ ఎక్కడ, దారి ఎలాంటిది, నీళ్ళకి వసతి ఉందా, అంగళ్ళు ఉన్నాయా అని ఊరూరా నమోదు చేస్తారు. తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందనే ఆ శ్రద్ధ. దానివల్ల ఆ పుస్తకం గౌరవం పెరిగిందేగానీ తగ్గలేదు. మరి నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' లాంటి పుస్తకాన్ని చదివేటప్పుడు, శైలినీ సౌందర్యదృష్టినీ మెచ్చుకుని నేనెందుకు ఆగిపోయాను? ఆడవాళ్ళు అంతదూరం వెళ్తే దారిలో వసతి ఎలా కుదిరిందన్న ప్రశ్న నాకెందుకు రాలేదు? ఈ లోపం రచయిత్రులది అనడం తేలిక. అడగని విమర్శకురాలిది ముందు.

స్త్రీవాద కవిత్వం దేహాన్ని సాహిత్యంలోకి తెచ్చింది కదా అనొచ్చు. తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', జయప్రభ 'పైటను తగలెయ్యాలి' లేకపోతే నాలాంటివాళ్ళకి ఈ వ్యాసం రాసే ధైర్యమే ఉండేది కాదు. అయితే ఒక్కమాట. అక్కడ మనం మాట్లాడిన దేహం ఎక్కువగా పురుషుడితో ముడిపడిన దేహం. కనే దేహం, చూడబడే దేహం, అణచబడే దేహం. మూత్రాశయానికి మగాడితో నేరుగా సంబంధం లేదు. దానికి విషాద గాంభీర్యం లేదు, ప్రతీకగా మారే గుణమూ తక్కువ. అందుకే అది కవిత్వానికి ఇవతలే ఉండిపోయిందనుకుంటాను.

భాష కూడా మనకి సాయం చెయ్యలేదు. 'బయటికి పోవాలి', 'ఒకటికి', 'చెంబట్టుకెళ్ళింది', ఇప్పుడు 'వాష్‌రూమ్'. ఒక్కటీ అసలు మాట కాదు. 'మరుగుదొడ్డి'లో మరుగు ముందొస్తుంది, వసతి తర్వాత. అసలు మాట నిస్సంకోచంగా అచ్చులో కనిపించేది గోడమీది ఆ నిషేధంలోనే. అది కూడా మగవాడిని ఉద్దేశించి రాసిందే. తిట్టడానికైనా సరే, బహిరంగ స్థలం మాట్లాడేది అతనితోనే.

దీన్ని గుర్తించినవాళ్ళు లేకపోలేదు. బెర్నార్డ్ షా లండన్‌లో స్థానిక పాలకసభ సభ్యుడిగా ఉన్నప్పుడు కాండెన్ టౌన్‌లో స్త్రీల మరుగుదొడ్డి ప్రతిపాదనకి ఎంత వ్యతిరేకత వచ్చిందో చూశాడు. 1909లో ఆ అనుభవాన్నే స్త్రీల ఓటుహక్కుకి వాదనగా రాశాడు. మన దేశంలో పారోమితా వోహ్రా 2006లో 'క్యూ టు పి' డాక్యుమెంటరీ తీసింది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం మరుగుదొడ్ల లేమిని స్త్రీలకి నగరంపై ఉన్న హక్కుతో కలిపి చూసింది. అదే ఏడాది ముంబైలో స్త్రీలు 'రైట్ టు పీ' ఉద్యమం మొదలుపెట్టారు. మగవాళ్ళకి ఉచితమైనదానికి ఆడవాళ్ళు డబ్బులెందుకు కట్టాలని అడిగారు.

2014 అక్టోబర్ 2న మొదలైన స్వచ్ఛ భారత్ ఇంటింటికీ మరుగుదొడ్డి అంది. అవసరమే. కానీ ఆ ప్రచారాల్లో వినపడే మాట ఇంటి కోడలి మానం, ఇంటి పరువు. మరుగుదొడ్డి ఆమెని ఇంట్లో భద్రంగా ఉంచే వస్తువైంది. ఇల్లు దాటిన స్త్రీ ఆ భాషలో ఎక్కడుంది? పర్యాటకంలో కొంత కదలిక ఉంది. 2020లో రుషికొండ బీచ్‌కి బ్లూఫ్లాగ్ గుర్తింపొచ్చింది. దానికి పెట్టే షరతుల్లో తగినన్ని శుభ్రమైన టాయిలెట్లు ఉండాలన్నదీ ఒకటి. కానీ తీరమంటే గుర్తింపొచ్చిన ఒక్క బీచే కాదు. గంపలతో చేపలమ్మే ఆడవాళ్ళు రోజంతా తిరిగే దారంతా తీరమే.

ఇక్కడ నా బాధకీ ఒక హద్దు గీసుకోవాలి. రెండు ప్లేట్ల ఇడ్లీ కొని ఆ తలుపు తెరిపించుకోగలిగాను. తాళం చేతిలో ఉన్న ఆ పనామె ఆ పని చెయ్యలేదు. మనం శుభ్రమైన మరుగుదొడ్డి కావాలన్నప్పుడు దాన్ని ఎవరు శుభ్రం చేస్తారన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం నిషేధించింది. ఆ పని కులాన్ని బట్టే చేతులు వెతుక్కుంటోంది. నీళ్ళూ, జీతమూ, ఆమెకీ ఒక గదీ అడగని డిమాండు స్త్రీవాద డిమాండు ఎలా అవుతుంది?

నా అధ్యాయాన్ని పుస్తకంగా వేసే ముందు తిరగరాస్తున్నాను. చప్పట్లొచ్చిన ఆ వాక్యం కొట్టేశాను. ప్రయాణాలు చేసి రాసే మిత్రుల్ని ఒక్కటి అడగాలని ఉంది. సూర్యోదయం రాయండి, ఆ రోజు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో కూడా రాయండి. మీ వెనక బయల్దేరేవాళ్ళకి అదొక మజిలీ గుర్తు.

మొన్న ఫోన్లో అమ్మని మళ్ళీ విశాఖ వెళ్దామా అని అడిగాను. "పోదాంలే" అంది. కాసేపాగి, "పోయినసారి సముద్రం సరిగ్గా చూళ్ళేదు పాపా. ఎప్పుడు రూముకి పోతామా అనే చూస్తా ఉంటి" అంది.