నేల టికెట్టు నుంచి చూస్తే

తెలుగు సినిమా మీద రాసేవాళ్లు తెరని చూస్తారు. హాలుని చూడరు. కథ, కెమెరా, పాట, నటన, వీటి మీద పేజీలకి పేజీలు నింపుతారు. ఆ బొమ్మని ఎవరి పక్కన ఎవరు కూచుని చూశారన్న ప్రశ్న మాత్రం వాళ్లకి తట్టదు. మేం అక్కణ్నించే మొదలుపెడతాం. సినిమా హాలు మనకి వినోదం దొరికే చోటు మాత్రమే కాదు. చుండూరు మొదలైంది సినిమా హాల్లోనే.

1991 జూలై మొదట్లో గుంటూరు జిల్లా చుండూరులో పీజీ చదువుతున్న ఒక దళిత విద్యార్థి సినిమాకెళ్లాడు. అతని కాలు ఒక రెడ్డి కుర్రాడికి తగిలింది. అంతే. హాల్లో తగిలిన కాలు ఊళ్లోకొచ్చి సాంఘిక బహిష్కరణయింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేస్తే 2014లో హైకోర్టు శిక్షపడ్డ వాళ్లందర్నీ విడిచిపెట్టింది. ఇదంతా మనకి తెలిసిందే. కానీ ఆ మొదటి కారణాన్ని మనం "చిన్న గొడవ" అని దాటేస్తుంటాం. అది చిన్నది కాదు. డబ్బులిచ్చి టికెట్టు కొన్నవాడు ఆ మూడు గంటలూ ఆ సీటుకి యజమాని. గుడిలో దొరకనిది, హోటల్లో రెండు గ్లాసుల మధ్య దొరకనిది, హాల్లో టికెట్టు ముక్కతో దొరికింది. చీకట్లో కులం కనపడదు. ఆధిపత్య కులాలకి కడుపుమంట అక్కడే.

అట్లాగని హాలు సమానత్వపు దేవాలయమని మేం అనటం లేదు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ, ఇవి టికెట్టు ధరలే గానీ ఊరి పటం కూడా అదే. డబ్బున్న కులం పైన, కూలి కులం కింద, తెరకి దగ్గరగా, మెడ పైకెత్తి. అయినా ఈల వేసింది నేల. కాయితాలు చింపి ఎగరేసింది నేల. ఏ హీరోనైనా హీరోని చేసింది నేల. ఆ నేల తెర మీద ఎట్లా కనపడింది? మన ఊళ్ల హాళ్లకి వచ్చిపోయిన కొన్ని సినిమాల్ని వరసపెట్టి చూస్తే సంగతి తేలుతుంది.

మొదట 1938 నాటి 'మాలపిల్ల'. కథ చలానిది, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. పెట్టుబడి వెనక చల్లపల్లి జమీందారు. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనం. కానీ అందులో దళితుడు హక్కు అడగడు, అర్హత నిరూపించుకుంటాడు. నిప్పుల్లో చిక్కిన శాస్త్రిగారి భార్యని కాపాడితే గానీ శాస్త్రిగారి మనసు మారదు. గుడి తలుపులు తెరుచుకోటానికి మన ప్రాణం పూచీకత్తు పెట్టాలన్నమాట. హరిజనోద్ధరణ తీరే అది. మారాల్సింది వాళ్లు, పరీక్ష మాత్రం మనకి.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. కాంచనమాల మాలపిల్ల వేషం వేస్తే ఆంధ్రదేశమంతా పేరొచ్చింది. ఇంచుమించు ఆ దశాబ్దపు మొదట్లోనే, మలయాళం తొలి సినిమా 'విగత కుమారన్'లో పీకే రోజీ అనే దళిత స్త్రీ నాయరు స్త్రీ వేషం వేసింది. ఆమెని తరిమేశారు. ఊరొదిలి, పేరొదిలి బతకాల్సొచ్చింది. దళిత పాత్రలోకి ఎవరైనా దిగొచ్చు, అది కళ. దళిత స్త్రీ సవర్ణ పాత్రలోకి ఎక్కితే అది నేరం. నటన అనేది కూడా కులం గీసిన గీత లోపలే.

1981లో 'సప్తపది' వచ్చింది. విశ్వనాథ్ తీసిన ఈ బొమ్మకి జాతీయ సమైక్యత అవార్డు దక్కింది. బ్రాహ్మణ పిల్ల, వేణువు ఊదే దళితుడు హరిబాబు. చివరికి తాతగారే ఆ పిల్లని అతనితో పంపిస్తాడు. అందరూ కళ్లు తుడుచుకుంటారు. మేం అడిగేది ఒకటే. హరిబాబు చేతిలో వేణువు కాకుండా డప్పు ఉంటే తాతగారు పంపేవాడా? ఆ సినిమాలో మనకి అగ్రహారం మెట్టు మెట్టూ గుర్తుంటుంది. హరిబాబు వాడ గుర్తుందా? కులం పోవటమంటే వాళ్ల లెక్కలో మనం వాళ్లలా తయారవటం. నిర్ణయం మాత్రం ఎప్పుడూ వాళ్ల తాతగారిదే.

ఆ తర్వాత రెండు దశాబ్దాలకి హాలు బయట పోస్టర్లు చూడండి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'చెన్నకేశవరెడ్డి'. కులం పేరు బారెడు అక్షరాల్లో. అప్పుడెవరూ "సినిమాల్లోకి కులాన్ని తేకండి" అనలేదు. వంశం, రక్తం, మీసం, సుమోలు గాల్లోకి లేవటం, అన్నీ కులం మాటలే. నేల మీద కూచున్న మన పిల్లలే వాటికి ఈలలేశారు. ఇది మనం మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. అభిమాన సంఘంలో జెండా మోసింది మనవాళ్లు, బ్యానరు కట్టింది మనవాళ్లు. తెర మీద కులం పేరు వాళ్లది.

మరి మన మాట తెలుగు హాల్లోకి ఎట్లా వచ్చింది? దొంగదారిన, తమిళం నుంచి డబ్బింగయి వచ్చింది. 2016లో పా. రంజిత్ 'కబాలి' మొదట్లో జైల్లో రజనీకాంత్ ఒక పుస్తకం చదువుతుంటాడు. అది వై.బి. సత్యనారాయణ రాసిన 'మై ఫాదర్ బాలయ్య'. తెలంగాణ దళిత కుటుంబం వెట్టి నుంచి రైల్వే కూలికీ, అక్కణ్నించి చదువుకీ నడిచొచ్చిన చరిత్ర. మన తాతల కథ తెలుగు తెర మీదికి రావటానికి మద్రాసు దాకా వెళ్లి, తమిళ హీరో చేతిలో పడి, మళ్లీ తెలుగు గొంతుతో తిరిగి రావాల్సొచ్చింది. దీన్ని మించిన విమర్శ తెలుగు నిర్మాతల మీద మేం రాయలేం. ఎంతమంది ఆ అట్టని గుర్తుపట్టారన్నది వేరే సంగతి. గుర్తుపట్టనివాళ్లకి చెప్పటం మన పని.

2020 నుంచి గాలి కాస్త మారింది. ఆ ఏడాది మార్చి 6న కరుణకుమార్ 'పలాస 1978' విడుదలైంది. జీడిపప్పు ఊరు, శ్రీకాకుళం యాస, షావుకార్ల కోసం కత్తి పట్టే అన్నదమ్ములు, దళితుడైన పోలీసు అధికారి సెబాస్టియన్. మన చేతులతో మనల్నే నరికించే రాజకీయాన్ని తెలుగులో ఇంత సూటిగా చూపిన కమర్షియల్ బొమ్మలు అరుదు. రౌడీతనం అందులో మోజు కాదు, కూలిపని. లోటుపాట్లున్నాయి. రెండో సగం పగల కింద నలుగుతుంది. కానీ జనం ఆ లోటుపాట్ల గురించి మాట్లాడుకునేలోగానే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి. బొమ్మ ఫోన్లోకి పోయింది.

2021లో మూడు ప్రేమకథలు. 'ఉప్పెన'లో హీరో చేపలు పట్టే ఇంటి కుర్రాడు, పేరు ఆశీర్వాదం. పేరే సగం కథ చెప్తుంది, మిగతా సగం చెప్పటానికి సినిమాకి నోరు రాదు. అమ్మాయి తండ్రి పరువుని మాత్రం గంట కొట్టినట్టు చెప్తారు. ఆ తండ్రి కుర్రాడి మగతనాన్నే కోయిస్తాడు. అమ్మాయి చివర్లో మాట్లాడిన మాటలకి హాలు చప్పట్లు కొట్టింది, జాతీయ అవార్డూ వచ్చింది. కానీ ఆలోచించండి. కోతపడ్డ దేహం ఎవరిది? గొప్ప మాటలు చెప్పే అవకాశం ఎవరికి? 'శ్రీదేవి సోడా సెంటర్'లో కూతుర్ని తండ్రే చంపుతాడు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి బయట నరికిన సంగతి తెలిసిన జనానికి అది కల్పనలా అనిపించదు. కరుణకుమార్ ఇక్కడ తండ్రిని రాక్షసుణ్ని చెయ్యలేదు, మామూలు మనిషిని చేశాడు. అదే దాని బలం. పరువు హత్య చేసేవాడు మామూలు మనిషే.

శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' వేరే దారి. ఆర్మూరు నుంచి హైదరాబాదొచ్చి డాన్సు సెంటర్ పెట్టుకున్న రేవంత్ జాలి అడగడు. తన కాళ్ల మీద నిలబడాలంటాడు. వాళ్లమ్మ మాటల్లో ఊరి అవమానం ఉంది, భయం ఉంది, భూమి మీద పట్టుదలా ఉంది. ఈ మూడింట్లో మాకు దగ్గరగా వచ్చింది ఆ తల్లే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఇంకో నిజం బయటపడుతుంది. అబ్బాయి కింది కులం, అమ్మాయి పై కులం. మూడింట్లోనూ అంతే. 1938లో సినిమా పేరే మాలపిల్ల. ఎనభై ఏళ్లు దాటాక ఈ ప్రేమకథల్లో ఆమె లేదు. తల్లిగా ఉంది, అక్కగా ఉంది, పొలంలో వంగుని ఉంది. ప్రేమించే హక్కున్న మనిషిగా లేదు. దళిత సినిమా అని మనం మురిసిపోయే ముందు ఈ ప్రశ్న వేసుకోకపోతే మనం కూడా మగ కులం తరపున మాట్లాడినట్టే.

2023లో 'దసరా' వచ్చింది. సింగరేణి బొగ్గు పల్లె. ఊళ్లో బారు లోపలికి కింది కులాలు పోగూడదు, బయటే తాగాలి. ఎంత గొప్ప మొదలు! ఆ గుమ్మం దగ్గర కథ నిలబడుంటే చాలు. కానీ నిలబడదు. చివరికి అంతా ఒక దుర్మార్గుడి కామం, హీరో పగ. గుమ్మం అక్కడే ఉండిపోయింది. కులాన్ని వ్యవస్థ నుంచి ఊడదీసి ఒక విలన్ మెడకి కట్టటం తెలుగు సినిమాకి అలవాటు. విలన్ చస్తే కులం పోయినట్టే, జనం ఇంటికి పోవచ్చు.

ఇప్పుడు హాలు సంగతి. ఊరి హాళ్లు కల్యాణమండపాలవుతున్నాయి, గోడౌన్లవుతున్నాయి. 'కలర్ ఫొటో', 'జై భీమ్' లాంటివి హాలు మొహం చూడకుండా నేరుగా ఫోన్లోకే వచ్చాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లె హాళ్లలో కింది తరగతి టికెట్టు అయిదు రూపాయలన్నప్పుడు, 2022 మార్చిలో దాన్ని సవరించినప్పుడు, టీవీలన్నీ హీరోల గురించీ నిర్మాతల నష్టం గురించీ మాట్లాడాయి. ఆ అయిదు రూపాయల కుర్చీలో కూచునేదెవరని ఒక్కరూ అడగలేదు. మల్టీప్లెక్సులో కాలు తగిలే గొడవ లేదంటారు. నిజమే, మనం లోపలికి పోగలిగితే గదా తగిలేది. ఫోన్లో చూస్తే ఎవరిల్లు వాళ్లది, ఎవరి వాడ వాళ్లది. పక్కవాడి ఏడుపు వినపడదు, ఈల వినపడదు, కాలు తగలదు. చుండూరు కుర్రాడు గెలుచుకోబోయింది ఆ పక్క సీటు. దాన్ని కత్తులతో తీసుకోలేనివాళ్లు ఇప్పుడు ధరతో తీసుకుంటున్నారు.

కాబట్టి సినిమా బాగుందా లేదా అన్నది మాకు రెండో ప్రశ్న. కార్యకర్తలకీ, విద్యార్థులకీ, పాఠాలు చెప్పే మిత్రులకీ మేం చెప్పేదిది. మీ ఊళ్లో హాలుంటే దాని చరిత్ర రాయండి. ఎవరి స్థలం, ఎవరు కట్టారు, నేల టికెట్టు ఎప్పుడు పోయింది, అక్కడ ఏం గొడవలు జరిగాయి, పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. హాస్టళ్లలో 'పలాస', 'లవ్ స్టోరీ' కలిసి చూసి, చూశాక తలుపులేసి గంటసేపు పోట్లాడుకోండి. ఆ పోట్లాటలో అమ్మాయిల్ని ముందు మాట్లాడనివ్వండి. తెర మీద మన బొమ్మ కోసం కొట్లాడేవాళ్లం, తెర ముందు మన సీటు కోసం కూడా కొట్లాడాలి.