గొంతు దింపితే చాలునా?

మొన్న పాడేరు మోదకొండమ్మ జాతరలో, రాత్రి స్టేజీ మీదికి ఒక మిమిక్రీ కుర్రాడు కాషాయ శాలువా కప్పుకుని వచ్చాడు. గడ్డం పైకెత్తి, శాలువా అంచు భుజం మీదికి విసిరి, ఒక్క క్షణం ఆగాడు. నోరు విప్పకముందే ఈలలు. ఎన్టీఆర్! ఇక పావుగంట సేపూ దుర్యోధనుడి డైలాగులు, ‘బ్రదర్’లు. ముఖ్యమంత్రిగా ఆయన ఏం చేశాడన్నది ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండింది.

నా పాత పాట ఒకటుంది: మిమిక్రీ వేరు, ఏకపాత్రాభినయం వేరు. మిమిక్రీ దిగ్గజం నేరెళ్ల వేణుమాధవ్ గారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నా, గొంతు దింపితే సరిపోదు, మనిషిని దింపాలి. పాడేరులో ఎన్టీఆర్ వేషం కట్టడానికి సరుకు లేకనా? 1983లో గద్దెనెక్కి కిలో బియ్యం రెండు రూపాయలకిచ్చాడు. చోడి అంబలి తాగే కొండల్లోకి ఆ బియ్యం ఎక్కివచ్చిన కథ చాలదా ఒక ఐటమ్‌కి? 1986లో ఆయన ప్రభుత్వమే ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకేనని 275 నంబరు జీవో ఇచ్చింది. అది వ్యాజ్యాల్లో నలిగింది. 2000లో అదే పనికి జీవో 3 వచ్చింది, దాన్ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మయసభలో జారిపడ్డ దుర్యోధనుడు ఆ జీవో పట్టుకుని కోర్టు మెట్లెక్కితే ఎలా ఉంటుంది? ఎవడూ రాయడేం?

అంతలో ఒక పాత వేషం గుర్తొచ్చింది. చిన్నప్పుడు మైదానంలోని మా తాతగారి ఊరికి తుపాకి రాముడు వచ్చేవాడు. తెలంగాణలో పిట్టలదొర అంటారు. చిరుగుల ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి. ఒక్కడే మనిషి. అరుగు మీద కూర్చున్న మునసబు గారినే పట్టుకుని, శిస్తు లెక్కలు పట్రమ్మని దబాయించేవాడు. తన పొలంలో ఈ గట్టున కోసిన వరి ఆ గట్టుకు చేరేలోపు మొలకెత్తుతుందని కోతలు కోసేవాడు. మునసబు గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వి, గింజలు కొలిపించేవారు. తెల్లదొరలు అప్పటికే వెళ్లిపోయారు. వేషం ఏ దొరదని ఎవరూ అడగలేదు. దొర చేసిన పనులేవీ అందులో లేవు, దర్పం ఒక్కటే. జనానికి అది చాలింది.

ఇది గుర్తుకు రావడానికి కారణం, జాతరలో ఆ మిమిక్రీ ఐటమ్ మధ్యలో కరెంటు పోవడం. మైకు మూగబోయినా కుర్రాడు వేషం దించలేదు. చీకట్లోనే, అదే గొంతుతో, జనరేటర్ దగ్గరి పిల్లాణ్ణి పిలిచి ‘ఆ యంత్రమును తక్షణము మేల్కొలుపుము’ అని ఆజ్ఞాపించాడు.

‘ఆయిల్ లేదు సార్’ అన్నాడు వాడు, చేతులు కట్టుకుని.

జనం పొట్టలు పట్టుకున్నారు. ఎన్టీఆర్ పోయింది 1996లో. ఆ తర్వాత పుట్టినవాళ్లే అక్కడ ఎక్కువ. నా జీవోల ఐటమ్‌కి వాళ్లు ఆవలించేవారు. అధికారంలో సగం గొంతే. చైతన్యరథం ఎక్కినాయనకు ఆ సంగతి బాగా తెలుసు. అంతటి గొంతుని ఖాళీ డీజిల్ డబ్బా ముందు నిలబెట్టాక, ఇంకా ఏం విమర్శ కావాలి?

కాకపోతే పోయినవాళ్లతో ఆడుకోవడం సులువు. ఎన్టీఆర్ బతికుండగా, 1987లో, ‘మండలాధీశుడు’ సినిమాలో ఆయన్ని పోలిన పాత్ర వేసినందుకు కోట శ్రీనివాసరావు అభిమానుల చేత దెబ్బలు తిన్నారు. అందుకే బాబూ, వచ్చే జాతరకి పదవిలో ఉన్నవాడి గొంతు ఒకటి సాధన చెయ్. గొంతు చాలు, జీవోలు అక్కర్లేదు. ఇంటికి క్షేమంగా వెళ్లే దారి మాత్రం నువ్వే చూసుకోవాలి.