చిన్నపేగు కట్టుకున్న కాపలా

పెద్దపేగులో ఒక్క గ్రాము పదార్థంలో సుమారు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. దానితో కలిసే ఉన్న చిన్నపేగు పైభాగంలో మాత్రం ఒక మిల్లీలీటరు రసంలో అవి వెయ్యికి మించడం అరుదు. వెచ్చదనం, తడి, సగం అరిగిన తిండి, వాటికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. ప్రతి ముద్దతోనూ కొత్తవి దిగుతూనే ఉంటాయి. అయినా అక్కడ కాపురం పెట్టలేవు. వాటిని ఆపే ఏర్పాట్లను విడివిడిగా చూడాలి.

మొదటి కాపలా జీర్ణాశయంలోని ఆమ్లం. మింగినవాటిలో చాలా సూక్ష్మజీవులు అక్కడే చస్తాయి. మిగిలినవాటిమీద పైత్యరసం, క్లోమరసం పనిచేస్తాయి. పేగు గోడలోని పానెత్ కణాలు సూక్ష్మజీవులను చంపే ప్రోటీన్లను వదులుతాయి. ఐజీఏ యాంటీబాడీలు వాటిని గోడకు అంటుకోనివ్వవు. చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట ఉన్న కవాటం, కిందివి పైకి ఎగబాకకుండా అడ్డుకుంటుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆకట్టుకునేది పేగు కండరాల పని. తిన్నది అరిగి కడుపు ఖాళీ అయ్యాక, సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకొకసారి ఒక అల పుడుతుంది. ముందు కొంతసేపు కండరాలు కదలవు. తర్వాత అక్కడక్కడ క్రమం లేని కదలికలు మొదలవుతాయి. ఆపైన కొద్ది నిమిషాలపాటు బలమైన, లయబద్ధమైన ముడుచుకోలు. చిన్నపేగు మొదట్లో ఆ లయ నిమిషానికి పదకొండు పన్నెండు సార్లు. దేవసూగూరులో సూగూరేశ్వరుడి జాతర ముగిశాక వీధిని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడ్చుకుంటూ వెళ్లినట్టు, ఆ ముడుచుకోలు మిగిలిన తుక్కునూ బ్యాక్టీరియానూ కిందికి నెట్టుకుపోతుంది. మోటిలిన్ అనే హార్మోన్ దీనికి తోడ్పడుతుంది. మళ్లీ ముద్ద దిగితే అల ఆగి, అరిగించే కదలికలు మొదలవుతాయి. ఆకలి వేళ కడుపులో వినిపించే గుడగుడలో ఈ పనికీ వాటా ఉంది. 1969లో జుర్‌జెవ్‌స్కీ అనే శాస్త్రవేత్త కుక్కల్లో ఈ అలను వర్ణించాడు. 1977లో బెల్జియంలో వాన్‌ట్రాపెన్ బృందం, బ్యాక్టీరియా మితిమీరిన రోగుల్లో కొందరికి ఈ అలే లేదని చూపింది.

ఏ భాగం దెబ్బతింటే ముప్పు ఎక్కడ పుడుతుందో ఇక చెప్పడం కష్టం కాదు. ఏళ్లతరబడి సాగే మధుమేహం నరాలను, స్క్లెరోడెర్మా అనే జబ్బు కండరాన్ని పాడుచేసి అలను ఆపుతాయి. పేగు క్షయ దారిని ఇరుకు చేస్తుంది. కొన్ని శస్త్రచికిత్సల తర్వాత ప్రవాహం అందని మూల మిగులుతుంది. ఆమ్లం తగ్గించే మాత్రలు దీర్ఘకాలం వాడినా మొదటి కాపలా సడలుతుంది. ఆ మాత్రలను డాక్టర్‌ను అడగకుండా నెలల తరబడి కొని మింగకండి. పేరుకుపోయిన బ్యాక్టీరియా పైత్య లవణాలను విరగ్గొడితే కొవ్వు ఒంటికి పట్టదు, బీ12ను అవే తినేస్తాయి, వాయువు పుట్టి పొట్ట ఉబ్బుతుంది.

శ్వాస పరీక్ష బ్యాక్టీరియా పుట్టించే ఈ వాయువుపైనే ఆధారపడింది. మనిషి కణాలు హైడ్రోజన్‌ను తయారుచేయవు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించాక 90 నిమిషాలలోపు శ్వాసలో హైడ్రోజన్ పది లక్షల్లో 20 భాగాలు పెరిగితే బ్యాక్టీరియా మితిమీరిందని భావిస్తారు. గ్లూకోజ్ పైభాగంలోనే ఇంకిపోతుంది కనుక కింది భాగంలోని దోషం దొరక్కపోవచ్చు. గ్లూకోజ్‌కు బదులు లాక్టులోజ్ వాడితే అది పెద్దపేగు చేరి లేనిది ఉన్నట్టు చూపవచ్చు. అందుకే ఈ దోషం ఎందరికి ఉందన్న లెక్క పరీక్షను బట్టి మారుతుంది.

ఈ దోషానికి దగ్గరిదై, తెలుగువారితో ముడిపడిన జబ్బు స్ప్రూ. అందులోనూ చాలామంది రోగుల చిన్నపేగులో బ్యాక్టీరియా తిష్ఠవేస్తుంది, గోడ సన్నబడుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ జబ్బుతో సోదరులను కోల్పోయారు, తానూ బాధపడ్డారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్ది రోజులకొకసారి కొత్తగా పుట్టే పేగు గోడ కణాలకు అది తప్పనిసరి. ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. స్ప్రూకు ఇప్పటికీ ఫోలిక్ ఆమ్లాన్నీ టెట్రాసైక్లిన్‌నూ కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు.